తన్నరాని బంతి

సూరత్‌లోని ఉధ్నాలో ఒక హాల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడి వేదిక దిగబోతుంటే వెనక వరసలోంచి ఒకాయన లేచాడు. "సారూ, దేవుడు లేడంటవ్. జాతకం లేదంటవ్. మరి ప్రతి ఐతారం డిండోలి గ్రౌండ్ల నిలవడి, ఎన్నడు గెల్వని టీము కోసం గొంతు చించుకుంటవ్. గది భక్తి గాదా?"

సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు చెప్పిన జవాబునే ఇప్పటికీ చెబుతాను. భక్తుడు అడుగుతాడు. పిల్లకు పెళ్లి కావాలంటాడు, వీసా రావాలంటాడు, రోగం తగ్గాలంటాడు. అడిగింది రాకపోతే మొక్కు పెంచుతాడు. మా టీముని మేం ఏమీ అడగం. ఓడిపోతుందని తెలిసే వెళ్తాం, ఓడిపోయాక మళ్లీ వెళ్తాం. ఏ వరమూ కోరకుండా, ఏ మహిమా జరగదని తెలిసి, ఎండలో నిలబడే గుంపు ఇంకెక్కడైనా ఉంటే చూపించండి. దాన్ని భక్తి అనడం నాకు అవమానం.

అంత ధీమాగా చెప్పిన ఈ మాటను కరోనా వచ్చి పరీక్షకు పెట్టింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

నేను అప్పుడు సూరత్‌లో తెలుగు బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. టీము మా వాళ్లది. కరీంనగర్, నల్గొండ వైపు నుంచి చేమగ్గాలు వదిలి పవర్‌లూమ్‌ల కోసం వచ్చిన కుటుంబాలు. పెద్దవాళ్లు ఎప్పుడో మొదలుపెట్టారు. క్రికెట్‌కి బ్యాటు కావాలి, ప్యాడ్లు కావాలి. ఫుట్‌బాల్‌కి ఒక బంతి ఉంటే సరిపోతుందనుకున్నారు. ఆటగాళ్లు కూడా కావాలన్న సంగతి తర్వాత తెలిసింది. జెర్సీలు మా ఖాతాల్లో తిరస్కరించిన గుడ్డతో కుట్టినవి. సూరత్‌లో మగ్గాల షెడ్డుని ఖాతా అంటారు. చెమట పట్టగానే రంగు దిగేది, సగం ఆటయ్యేసరికి అందరి మెడలూ నీలంగా మారేవి.

మా వాళ్ల ఆటలో ఇంకెక్కడా చూడని ఒక తప్పు ఉండేది. రిఫరీ విజిల్ వేసినా ఆగరు. పొగరుతో కాదు. రోజంతా మగ్గాల మోతలో నిలబడే చెవులకు ఆ సన్నటి విజిల్ ఎక్కడ వినపడుతుంది? ఆఫ్‌సైడ్ అయిన సంగతి తెలియకుండా పరిగెత్తి, గోల్ కొట్టి, చేతులెత్తి ఎగిరేవారు. అప్పుడు గీత బయటున్న మేమంతా రెండు చేతులూ అడ్డంగా ఊపేవాళ్లం. షెడ్డులో మగ్గం ఆపమని చేసే సైగ అది. కుర్రాళ్లు చూసి, తలలు దించుకుని వెనక్కి వచ్చేవారు. ఇంటికి వెళ్తే ఎవరూ "గెలిచిన్రా?" అని అడిగేవారు కాదు. "ఎన్ని గోల్స్ తిన్నరు?" అని అడిగేవారు. రెండే తిన్నామంటే ఆ ఇంట్లో ఆ రోజు చాయ్‌లో పాలు కాస్త చిక్కగా పడేవి.

బంతి ఒక అన్న దగ్గర ఉండేది. ఆయన ఎన్నడూ ఆడలేదు, కాలు కొంచెం ఈడ్చేవాడు. బంతికి గాలి కొట్టడం, కుట్లు ఊడితే వేయడం, వర్షంలో తడిస్తే తుడిచి ఆరబెట్టడం ఆయన పని. మ్యాచ్ రోజున గుడ్డ సంచీలో తెచ్చి, గోల్‌పోస్టు పక్కన నిలబడి, కెప్టెన్ చేతికి ఇచ్చేవాడు. ఆయన చేతి నుంచి బంతి తీసుకున్నాకే ఆట. అది మా ఆచారం. నేను ఆచారాలకు శత్రువుని. అయినా ఈ ఒక్కదాన్ని ఎప్పుడూ ప్రశ్నించలేదు. ఇందులో ఎవరి తలా వంచే పని లేదు, బంతి ఎవరో ఒకరు తేవాలి కదా.

ఆయన పక్కన వదిన నిలబడేది, ఆయన భార్య. మా గుంపులో ఆట నిజంగా అర్థమయ్యేది ఆమెకే అని నా అనుమానం. మేం అరుపులు అరిచేవాళ్లం. ఆమె ఒక్కొక్కణ్ణి పేరు పెట్టి పిలిచి తిట్టేది.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి. డిండోలిలో ఒకరి మాట ఒకరికి అరవకుండా వినపడింది. ఆ నిశ్శబ్దం మా వాళ్లకు నచ్చలేదు, భయపెట్టింది. కొందరు రైళ్లలో ఊళ్లకు వెళ్లారు, కొందరు లారీల్లో, కొందరు నడిచి. మళ్లీ పని మొదలయ్యాక సగం మందే తిరిగొచ్చారు. తర్వాత రెండో వేవ్ వచ్చింది. అన్న ఆస్పత్రికి నడిచే వెళ్లాడు. తిరిగి రాలేదు. శవాన్ని ఇంటికి తేనివ్వలేదు. వదిన ఆయన ముఖం కూడా చూడలేదు.

చుట్టాలెవరూ రాలేకపోయారు. రాకపోవడంతో, భర్త పోయిన ఆడదాన్ని కూర్చోబెట్టి గాజులు పగలగొట్టే ఆ నీచపు తంతు జరగలేదు. అందుకని నేను మహమ్మారికి సంస్కర్త అనే బిరుదు ఇవ్వబోను. జబ్బు ఎవరినీ సంస్కరించదు, జనం గుమిగూడే వీలు లేకుండా చేసిందంతే. తర్వాత వీలు దొరకగానే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు ఆ మిగిలిపోయిన పని పూర్తి చేయడానికి ఆమె ఇంటికి వెళ్లారు. వదిన తలుపు సగమే తీసిందట. "గాజులు నేనే కొనుక్కున్న. పగిలినప్పుడు తీస్త," అందట.

చలికాలంలో గ్రౌండు తెరిచారు. మొదటి మ్యాచ్ పల్సానా రంగుల మిల్లు కుర్రాళ్లతో అని ఖాయమైంది. టీము ప్రెసిడెంటు ఇంటి మేడ మీద కూర్చున్నాం, మాస్కులు గడ్డాల కింద వేలాడుతున్నాయి. ప్రెసిడెంటు ఒకప్పుడు మగ్గాల మాస్టరు. ఈ టీము కోసం నాకంటే ఎక్కువ కాలం గొంతు పోగొట్టుకున్న మనిషి.

"బాల్ వదినె దగ్గర్నే ఉన్నది గద," అన్నాను. "ఆమెనే తెస్తది."

"బాల్ రావాలె," అన్నాడు ప్రెసిడెంటు. "ఆమె రావద్దు."

"ఎందుకు?"

"ఎందుకంటవేంది సారూ, నీకు తెల్వదా? మొదలు మొదలే ఆమె చేతుల మీదికెళ్లి ఎట్ల తీస్కుంటం?"

నాకు నెత్తి మండింది. ఇలాంటి మాటల మీద నేను సభల్లో గంటలు మాట్లాడినవాణ్ణి. "పెద్దన్నా, ఆమె బొట్టు పెట్టుకుని, భర్త పక్కన నిలవడ్డ అన్నేండ్లు మనం గెల్చినమా? ప్రతి వారం తిన్నం గద! అప్పుడు ఎవల మొఖం చూసి ఓడినమో చెప్పుండ్రి. ఒక్కలన్న చెప్పుండ్రి."

నేను గెలిచాననుకున్నాను. అంతలో మూలనుంచి ఒకాయన మెల్లగా అన్నాడు, "గందుకే సారూ. అప్పుడే గట్ల తింటే, ఇప్పుడు ఇంకెన్ని తింటమో అని."

అందరూ నవ్వారు. నా తర్కం ఆ నవ్వులో కొట్టుకుపోయింది. భయానికి లెక్కతో జవాబు చెప్పబోయాను, భయం ఆ లెక్కనే తనకు అనుకూలంగా తిప్పుకుంది.

ప్రెసిడెంటు నవ్వలేదు. "తప్పుగ అనుకోకు సారూ. నా తమ్ముడు పోయిండు. బామ్మర్ది పోయిండు. ఖాతాల పక్క మగ్గమోడు పోయిండు. ఇంకెంత పోవాలె? జర మంచి చెడు చూస్కుంటె తప్పేంది?"

ఆ మనిషి మీద నాకు అప్పుడూ కోపం ఉంది, ఇప్పుడూ ఉంది. దుఃఖం ఎవరినీ తెలివితక్కువ పని చేసే హక్కుదారుణ్ణి చేయదు. కానీ ఎన్నడూ ఏమీ కోరని ఆ గుంపు అదే మొదటిసారి ఒకటి కోరుతోందని నాకు కనపడింది. గెలుపు కాదు, చావు దూరంగా ఉంటే చాలు. ఆ కోరికకు ఒక ఆడమనిషిని బలి ఇవ్వడానికి సిద్ధపడ్డారు. దేవుళ్లు పుట్టేది ఇలాగే.

చివరికి ఆ ఇంటి బంతే వద్దు, కొత్త బంతి కొందామన్నారు. దసరాకు మగ్గాలకు చేసినట్టు దానికి పూజ చేయిద్దామన్నారు. వద్దని చెయ్యెత్తింది నేనొక్కణ్ణే. కెప్టెన్ చెయ్యి సగం లేచి, గోక్కోవడానికన్నట్టు తల మీద ఆగింది.

మర్నాడు వదిన ఇంటికి వెళ్లాను. చీరల అంచులకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది. ఇంటికి తెచ్చుకుని చేసే పని అది. ఆమె చుట్టూ రంగు రంగుల పోగులు. విషయం చెప్పాను. కత్తెర ఆపలేదు.

"ఎవలన్నరు?"

"అందరు."

"అందరంటే పేర్లుండవా? సర్లే. నేను బంతి ఇయ్యనంటలేను సారూ. పంపియ్యనంటున్న. కావల్సినోడు వచ్చి నా చేతులకెళ్లి తీస్కోవాలె. ఇన్నేండ్లు మీ అన్న చేతులకెళ్లి తీస్కున్నట్టే."

"కొత్తది కొంటున్నరు వదినా."

"కొననియ్యి. నేనైతే వస్త. పోస్టు పక్కన నిలవడే జాగ నాది. గది గూడ కొంటరా?"

గ్రౌండులో ఆమె తరఫున మాట్లాడతానన్నాను. ఈసారి కత్తెర ఆగింది. "నువ్వు మాట్లాడకు. నువ్వు మొదలువెడ్తే ఆట టైమ్ అయిపోతది," అంది. ఆమె నవ్వు చూసి చాలా కాలమైందని అప్పుడు గుర్తొచ్చింది.

మ్యాచ్ రోజున గ్రౌండుకు వెళ్లేసరికి మధ్యలో పీట వేసి ఉంది. పీట మీద అరటాకు, ఆకు మీద కొత్త బంతి. పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు. బంతికి బంతిపూలు వేశామని ఎవరో సంబరపడుతున్నారు కూడా. పూజారి మంత్రాలు చదివాడు. ఆటగాళ్లు వరసగా వచ్చి బంతిని ముట్టుకుని కళ్లకద్దుకున్నారు. ఆడవాళ్లు హారతి ఇచ్చారు. పల్సానా కుర్రాళ్లు అవతలి గీత మీద కూర్చుని వింతగా చూస్తున్నారు.

వదిన అప్పటికే వచ్చి ఉంది. గోల్‌పోస్టు పక్కన, భుజానికి గుడ్డ సంచీ. ఆమె చుట్టూ మాత్రం ఖాళీ. కరోనా దూరం అని చెప్పుకోవడానికి వీలుగా ఉంది. హారతి దగ్గర ఒకరి మీద ఒకరు పడుతున్న వాళ్లకు ఆ దూరం గుర్తు రాలేదు. నేను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను.

రిఫరీ గుజరాతీ బడిలో డ్రిల్లు మాస్టరు. గడియారం చూసుకుని, "చలో భాయ్, టైమ్ హో గయా," అన్నాడు. కెప్టెన్ దండ తీసి, పీట జరిపి, బంతిని మధ్యలో పెట్టాడు. విజిల్ మోగింది.

కెప్టెన్ కదలలేదు.

వినపడలేదేమోనని రిఫరీ మళ్లీ ఊదాడు. మేం చేతులతో 'కానియ్' అని సైగ చేశాం. కెప్టెన్ కాలు ఎత్తి, దించాడు. చుట్టూ చూశాడు. గీత బయటనుంచి వాళ్లమ్మ కేక వేసింది: "అరేయ్! పూజ జేసిన దాన్ని కాలుతోని తంతవారా?"

గ్రౌండు మొత్తం ఆ మాట విన్నది. ఎవరికీ అంతవరకు తోచలేదు! దసరాకు పూజ చేసిన మగ్గాన్ని ఆ రోజు నడపం. కత్తెర కూడా ముట్టం. పుస్తకం పొరపాటున కాలికి తగిలితే కళ్లకద్దుకునే జనం. ఆ జనమే ఒక బంతికి బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, ఇక తన్నండిరా అని కుర్రాళ్ల కాళ్ల దగ్గర పెట్టారు.

"నువ్వు తన్ను," అన్నాడు కెప్టెన్ పక్కవాడితో.

"నేనెందుకు? కెప్టెన్‌వి నువ్వు. నా బిడ్డకు జ్వరం ఉన్నది, నావల్ల గాదు."

ప్రెసిడెంటు పూజారి దగ్గరికి పరిగెత్తాడు. "అయ్యగారూ, ఏమన్న ఉపాయం చెప్పుండ్రి."

పూజారి నిజంగానే చిరాకుపడ్డాడు. "బంతికి పూజ చేయమన్నారు, చేశాను. దాన్ని తంతారని నాకెవరు చెప్పారు? ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. అది రేపు పొద్దున."

రిఫరీ మళ్లీ గడియారం చూపించాడు. ఆట మొదలుపెట్టకపోతే పల్సానా గెలిచినట్టే రాస్తానన్నాడు. ఎన్నో రకాలుగా ఓడిపోయాం గానీ, కాలు కదపకుండా ఓడిపోవడం మాక్కూడా కొత్త. పల్సానా వాళ్లలో ఒకడు తమ టెంపోలోంచి పాత బంతి తెచ్చి, "యే లే లో," అన్నాడు నవ్వుతూ. అదే వాళ్లు చేసిన పొరపాటు.

"మన గ్రౌండ్ల వాళ్ల బంతా?" అని మా మూలాయన గర్జించాడు, మేడ మీద నన్ను నవ్వులపాలు చేసినాయనే. "ఛీ! గంత గతి లేనోళ్లమా?"

అప్పుడు అందరి తలలూ ఒక్కసారి గోల్‌పోస్టు వైపు తిరిగాయి.

నా నోట్లో ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉంది. వదిన నా వైపు ఒక్క చూపు చూసింది. మింగేశాను.

కెప్టెన్ నడుచుకుంటూ వచ్చాడు. మధ్యలో ఒకసారి ప్రెసిడెంటు వైపు చూశాడు. ప్రెసిడెంటు చెప్పుల వంక చూసుకుంటున్నాడు. కెప్టెన్ వచ్చి రెండు చేతులూ చాపాడు. "ఇయ్యి పెద్దమ్మా."

వదిన సంచీలోంచి బంతి తీసింది. తోలు నల్లబడ్డది, కుట్లు గట్టిగా ఉన్నాయి. వెంటనే ఇవ్వలేదు. బంతిని ఒకసారి అటూ ఇటూ తిప్పి నొక్కి చూసింది, గాజులు చప్పుడయ్యాయి. తర్వాత వాడి చేతుల్లో పెట్టింది.

"పట్టు. గాలి చూసిన, మంచిగున్నది. గా ఎడమ దిక్కోన్ని ఊకె ముందుకు ఉరకొద్దను. వాని ఎనుక జాగంత ఖాళీ ఉంటది, గాడికెళ్లే తింటం ఎప్పుడు."

ఎడమ దిక్కువాడు ముందుకు ఉరికాడు. వాడి వెనక ఖాళీలోంచే తిన్నాం. ఒకటి కాదు, చాలా. చివరి విజిల్ మా వాళ్లకు వినపడక, ఇంకా పరిగెడుతుంటే మేం చేతులు ఊపి ఆపాం.

ఆట అయ్యాక నేను భయపడ్డ మాట వచ్చింది. "చూసిన్రా? ముందే చెప్పినమా లేదా?" అన్నాడొకడు. దానికి ఒక తిట్టు కూడా జోడించాడు. భర్త పోయిన ఆడదాని కోసం మన భాష దాచిపెట్టుకున్న తిట్లలో ఒకటి. ఇక్కడ రాయను. అలాంటి మాట ఒక్కటి తగ్గినా భాషకు వచ్చే నష్టం లేదు.

నేను వాడి మీదికి వెళ్లాను. ఆమె చేతి బంతి వల్ల ఓడామంటే, అంతకు ముందు అన్న చేతి బంతితో ఓడిన మ్యాచ్‌లన్నీ ఎవరి ఖాతాలో వేస్తావని అడిగాను. మా ఓటములు మావి. చేతకాక ఓడాం, చెవుడు వల్ల ఓడాం, కంటినిండా నిద్ర లేక ఓడాం. వాటిని తెచ్చి ఒక ఆడమనిషి నుదుటి మీద పెట్టడానికి నీకెవరిచ్చారు హక్కు అన్నాను. గొంతు పెద్దదే నాది. వాడు గొణుగుతూ పోయాడు, మారలేదు. నేనూ వాడు మారతాడని అనుకోలేదు. సంస్కరణ అనే టీము కూడా ఎక్కువసార్లు ఓడిపోయేదే. ఆ గీత మీద నిలబడటం నాకు అలవాటే.

వదిన ఈ గొడవకు దూరంగా, ఎడమ దిక్కువాణ్ణి పట్టుకుని కడుగుతోంది. "నీకు చెప్పిన్రా లేదా? చెప్పిన్రా లేదా?" వాడు బంతి సంచీలో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

తర్వాతి మ్యాచ్ కిమ్ అనే ఊరివాళ్లతో. పీట లేదు, అరటాకు లేదు. పూజ చేసిన బంతి ప్రెసిడెంటు ఇంట్లో అలమార మీద కూర్చుంది, ఎవరూ తన్నలేక. వదిన సంచీతో వచ్చింది. ప్రెసిడెంటు ఒప్పుకోలేదు, అడ్డూ చెప్పలేదు. తనకు తాను ఒక మార్గం కనిపెట్టుకున్నాడు. ఆమె బంతి ఇచ్చే సమయానికి ముఖం అటు తిప్పి, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. కళ్లారా చూడకపోతే కీడు తనకు తగలదని లెక్క. తగలకుండా ఎంతసేపు ఉండాలో శాస్త్రంలో రాసి లేదు కాబట్టి, కొంచెం ఎక్కువసేపే తిరిగి నిలబడ్డాడు.

ఆ కొంచెంలోనే మేం గోల్ కొట్టాం.

ఎవరూ నమ్మలేదు. ముందు అలవాటుగా చేతులు అడ్డంగా ఊపాం, ఆఫ్‌సైడే అయ్యుంటుందని. రిఫరీ వేలు మధ్య గీత వైపు చూపిస్తున్నాడు. నిజమైన గోల్. గ్రౌండు దద్దరిల్లిపోయింది. ప్రెసిడెంటు గిర్రున తిరిగాడు. ఇన్నేళ్లు ఎదురుచూసిన ముఖం, పాపం, ఏమీ చూడలేదు.

"ఎట్లైంది? ఎవడు గొట్టిండు? ఎట్ల గొట్టిండు?" అని ఒక్కొక్కణ్ణీ పట్టుకుని అడిగాడు. అందరూ ఎగురుతున్నారు, ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. నన్నడిగాడు. నేను బంతి వలలో పడ్డాకే చూశాను, అదే చెప్పాను. చివరికి గోల్‌పోస్టు దగ్గరికి నడిచి, రెండు అడుగుల దూరంలో ఆగాడు.

"నువ్వు చూసినవా?" అన్నాడు వదినతో.

"చూడక? గందుకే గద వచ్చిన." వదిన ఆయన వైపు తిరగలేదు, కళ్లు ఆట మీదే ఉన్నాయి. "గట్ల మొఖం తిప్పుకుంటె గోల్ ఎట్ల కనవడ్తది నీకు? ఇటు రా. జర దగ్గరికి రా, వినవడదు. కుడి దిక్కోడు కాలుతోని ఇట్ల లోపలికి తీసిండు..."

ఆయన ఆ రెండు అడుగులూ వేశాడు. ఆమె పక్కన నిలబడి, చెవి ఆమె వైపు వంచి, ఆమె చేతులు గాలిలో బంతి దారిని చూపిస్తుంటే, నోరు తెరుచుకుని విన్నాడు. ఆయన వింటుండగానే కిమ్ వాళ్లు ఒకటి కొట్టారు.

"అగో," అంది వదిన. "మళ్ల ఎడమ దిక్కే. ఈసారి నువ్వు తిట్టు వాన్ని, నాకు గొంతు లేదు."

ప్రెసిడెంటు తిట్టాడు.